బస్సు ఒక చతుర్థీ విభక్తి

చెన్నై నుంచి ఊరెళ్లే ప్రైవేటు బస్సుని ఇక్కడ అందరూ ‘ఆమ్నీ బస్సు’ అంటారు. తమిళులు అంటారు, వాళ్ల మధ్య బతుకుతున్న తెలుగువాళ్లమూ అంటాం. పండక్కి నెల్లూరో విజయవాడో వెళ్లాలంటే ‘గవర్నమెంటు బస్సా, ఆమ్నీయా?’ అనే అడుగుతాం. ఈ రెండు ముక్కలూ ఒకప్పుడు ఒకే మాట. లాటిన్‌లో ‘ఓమ్నిస్’ అంటే సర్వం. ‘ఓమ్నిబుస్’ అంటే ‘అందరి కొరకు’. 1820లలో ఫ్రాన్సులో, డబ్బిచ్చిన వాళ్లెవరైనా ఎక్కే గుర్రపు బండికి ఆ పేరు పెట్టారు. 1829లో జార్జ్ షిల్లిబీర్ లండన్‌లో అలాంటి బండి నడిపాడు. ఆ తర్వాత జనం నోట పడి ముందు భాగం ఊడిపోయి, తోక మాత్రం మిగిలింది. ఆ తోకే బస్సు.

ఆ తోక ఏమిటో తెలుగు బళ్లో చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. ‘కొరకున్, కై’ అని వల్లె వేసిన చతుర్థీ విభక్తి. లాటిన్‌లో దాని బహువచన రూపం ‘బుస్’. సంస్కృతంలో అదే చోట ‘భ్యః’ వస్తుంది: రామేభ్యః, సర్వేభ్యః. సంస్కృతం, లాటిన్ ఒకే మూలభాష నుంచి పుట్టినవి కాబట్టి బుస్, భ్యః ఒకే ఇంటి దాయాదులు. అంటే బస్టాండులో మనం ఎక్కేది ఒక విభక్తి ప్రత్యయాన్ని.

ఇంగ్లీషులోని లాటిన్, గ్రీకు మాటల్ని నేర్చుకోవడానికి పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘రూట్ వర్డ్స్’ పట్టికలు ఇస్తారు. మూడు వందల ధాతువులు, పక్కన అర్థాలు. వాటిని బట్టీ పట్టడం దండగ. నెల తిరక్కుండా మర్చిపోతారు, ఎందుకంటే ఒకదానికీ ఇంకోదానికీ లంకె కనపడదు. ఆ లంకెలు కనిపెట్టే పనిముట్లు తెలుగు వ్యాకరణంలో ఎప్పటినుంచో ఉన్నాయి. తత్సమం, తద్భవం, సంధి, విభక్తి. మార్కులు వచ్చాక అటకెక్కించిన ఆ పాఠాన్నే కిందికి దించాలి.

తత్సమ తద్భవాలతోనే మొదలుపెడదాం. సంస్కృతం నుంచి మాట ఉన్నదున్నట్టు వస్తే తత్సమం, జనం నోట్లో నలిగి వస్తే తద్భవం. యాత్ర తత్సమం, జాతర తద్భవం. భిక్ష, బిచ్చం. శిఖ, సిగ. ఇక్కడ గమనించాల్సింది, రెండూ బతికి ఉంటే అర్థాలు పంచుకుంటాయి. స్వాములు భిక్ష స్వీకరిస్తారు, గుడి మెట్ల దగ్గర బిచ్చం అడుగుతారు. కాశీకి వెళ్తే యాత్ర, ఊరి అమ్మవారికి చేస్తే జాతర. సిగలో పూలు పెట్టుకుంటారు, శిఖలో ఎవరూ పెట్టుకోరు.

ఇంగ్లీషులోనూ అంతే. లాటిన్ ‘ఫ్రాగిలిస్’ జనం నోట్లో నలిగి, ఫ్రెంచి మీదుగా ‘ఫ్రెయిల్’ అయింది. తర్వాత పండితులు అదే మాటని పుస్తకం చూసి మళ్లీ తెచ్చుకుంటే ‘ఫ్రాజైల్’ అయింది. కొరియర్ డబ్బా మీద రాసేది తత్సమం, మంచాన పడ్డ ముసలాయనకి వాడేది తద్భవం. ‘సెక్యూర్’ తత్సమం, ‘ష్యూర్’ తద్భవం. రెండిటికీ మూలం ‘సెక్యూరుస్’. ‘సె’ అంటే లేకుండా, ‘క్యూరా’ అంటే చింత. అచ్చంగా మన నిశ్చింత. ‘పోషన్’ అంటే తాగే మందు, ‘పాయిజన్’ అంటే విషం. రెండూ ‘పోటియో’ అనే ఒకే లాటిన్ మాట బిడ్డలు, ఆ పోటియో మన పానానికి చుట్టం. హాస్పిటల్, హాస్టల్, హోటల్ మూడూ అతిథికి చోటిచ్చే ఇల్లు అనే అర్థంతో బయల్దేరాయి. మొదటిది లాటిన్‌కి దగ్గరగా నిలిచింది, రెండోది పాత ఫ్రెంచిలోంచి వచ్చింది, మూడోది ఫ్రెంచివాళ్లు ‘స’ పలకడం మానేశాక వచ్చింది. కాబట్టి ఒక ఇంగ్లీషు మాట పొట్టిగా, మెత్తగా ఉండి, దానికి పొడుగాటి పండిత చుట్టం కనిపిస్తే తత్సమ తద్భవాల జంటేమోనని అనుమానించి, నిఘంటువు తెరవండి.

ఇక సంధి. నిత్యం పనికొచ్చేది ఇదే, ఎందుకంటే స్పెల్లింగు తప్పులకి మందు ఇందులోనే ఉంది. సత్ + జనుడు సజ్జనుడు, సత్ + చరిత్ర సచ్చరిత్ర, జగత్ + నాథుడు జగన్నాథుడు. ముందున్న హల్లు వెనకొచ్చే హల్లు రూపం ధరించి ద్విత్వం అవుతుంది. లాటిన్ ఉపసర్గలు అచ్చం ఇలాగే చేస్తాయి. ‘అద్’ (వైపు), ‘కొమ్’ (కలిసి), ‘ఒబ్’ (ఎదురుగా), ‘ఇన్’ (కాదు), ‘సుబ్’ (కింద). ఈ అయిదూ తమ ఆఖరి హల్లుని ఎదుటివాడికి అప్పగించేస్తాయి.

‘అకామడేషన్’ తీసుకోండి. చెన్నైలో గది వెతుక్కునే ప్రతివాళ్లకీ కనిపించే మాట, సగం బోర్డుల మీద తప్పుగా ఉండే మాట. విడదీస్తే అద్ + కొమ్ + మోదుస్. మోదుస్ అంటే కొలత, తీరు. అద్‌లోని ‘ద్’ పక్కనున్న ‘క్’గా మారింది కాబట్టి రెండు ‘సీ’లు. కొమ్‌లో ఒక ‘ఎమ్’, మోదుస్‌లో ఒక ‘ఎమ్’, కాబట్టి రెండు ‘ఎమ్’లు. రెండూ రెండేసి ఉండాల్సిందే. అదే ‘రికమెండ్’లో ‘సీ’ ఒక్కటే ఎందుకు? అక్కడ అద్ లేదు. రె + కొమ్ + మెండ్. ‘రె’ అచ్చుతో ముగిసింది, ద్విత్వానికి హల్లే లేదు. ‘అకరెన్స్’లో ఒబ్ + కుర్ర్. ఉపసర్గ ఇచ్చిన ‘సీ’ ఒకటి, ధాతువుది ఒకటి. రెండు ‘ఆర్’లు మాత్రం సంధి వల్ల వచ్చినవి కావు, ధాతువులోనే ఉన్నాయి. పరిగెత్తడం అనే అర్థమున్న ఈ ‘కుర్ర్’ ధాతువే కరెంటులోనూ ఉంది, అక్కడా రెండు ‘ఆర్’లే. ‘సెపరేట్’లో నడుమ ‘ఈ’ రాసేవాళ్లు చాలామంది. సె + పరారె, ‘ప్రిపేర్’లో ఉన్న ధాతువే. దాని అచ్చు ‘ఏ’, కాబట్టి ఇక్కడా ‘ఏ’. సంధి విడదీయడం వస్తే స్పెల్‌చెక్ మీద ఆధారపడక్కర్లేదు.

నిషేధార్థంలో వచ్చే ‘ఇన్’ కూడా ఇంతే. లీగల్‌కి ముందు ‘ఇల్’, రెగ్యులర్‌కి ముందు ‘ఇర్’, పాసిబుల్‌కి ముందు ‘ఇమ్’. మనం సున్నాతో ఒకేలా రాసినా సంతానంలో ‘న్’, సంపదలో ‘మ్’ పలుకుతాం కదా, అదే సూత్రం.

గ్రీకు నిషేధం మనకి ఇంకా దగ్గరిది. సంస్కృతంలో హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’: అధర్మం, అశాంతి, కానీ అనంతం, అనర్హం. గ్రీకులోనూ అక్షరం పొల్లు పోకుండా ఇదే నియమం. ‘ఏథీస్ట్’లో అ, ‘ఆటమ్’లో అ (కోయరానిది), ‘అనార్కీ’లో అన్ (ఏలిక లేనిది), ‘అనానిమస్’లో అన్ (నామం లేనిది, ఆ ‘ఓనొమ’ మన నామానికి చుట్టమే). ఇది అప్పు తెచ్చుకున్న నియమం కాదు. రెండు భాషలూ ఒకే తల్లి దగ్గర నేర్చుకున్నది. అందుకే అమృతం, అంబ్రోజియా, ఇమ్మోర్టల్ పక్కపక్కన పెడితే ఒళ్లు పులకరిస్తుంది. మొదటిది సంస్కృతం, రెండోది గ్రీకు, మూడోది లాటిన్. మూడింట్లోనూ ముందు నిషేధం, వెనక చావు.

ధాతువు ఒకటే అయినా రూపాలు రెండుంటాయన్నది పట్టికలు సరిగ్గా చెప్పవు. స్క్రైబ్, స్క్రిప్ట్. మిట్, మిస్. డ్యూస్, డక్ట్. వేర్వేరుగా బట్టీ పడతారు. సంస్కృతంలో యుజ్ ధాతువుకి ‘క్త’ ప్రత్యయం చేరిస్తే యుక్త అవుతుంది, కలపబడినది అని. లాటిన్‌లో యుంగ్ ధాతువుకి ‘తుస్’ చేరిస్తే యుంక్తుస్. దాన్నుంచి వచ్చిందే జంక్షన్. కత్తిపారా జంక్షన్‌లో ఉన్నది యోగం, యుక్తం అన్న మాటల్లోని ధాతువే. స్థిత, స్టేటస్ కూడా అలాంటి జంటే. ఇంగ్లీషు మాట చివర ‘టి’తో గానీ ‘ఎస్’తో గానీ ముగిసే రూపం కనిపిస్తే అది క్త రూపమని పట్టుకోండి, మూల ధాతువు దొరుకుతుంది. మిస్‌లో ‘టి’ కనపడదే అంటారేమో. మిట్‌లోని ‘ట్’, ప్రత్యయంలోని ‘ట్’ ఢీకొని లాటిన్‌లో ‘స్స్’ అయ్యాయి. విజన్, సెషన్‌లలో ‘స’ వచ్చిందీ ఇలాగే, ధాతువు చివర ‘ద్’ ఉండబట్టి.

చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎమ్మార్ రోడ్డులో రోజంతా ‘డేటా’ అనేవాళ్లకి ఇంకో మాట. డేటా బహువచనం. ఏకవచనం ‘డేటమ్’, ఇవ్వబడినది. సంస్కృతంలో దా ధాతువుకి క్త చేరిస్తే దత్త. మన పాఠ్యపుస్తకాల్లో డేటాకి పెట్టిన మాట ‘దత్తాంశం’. తెలుగు పారిభాషిక పదాలు కృతకంగా ఉంటాయని విసుక్కునేవాళ్లు ఈ ఒక్క మాట దగ్గర ఆగి చూడాలి. అర్థంతో పాటు ధాతువు, ప్రత్యయం కూడా డేటాకి సరిజోడుగా కుదిరాయి.

మరి ఏ సంస్కృత పదం ఏ లాటిన్ పదానికి చుట్టమో ఎలా తెలుస్తుంది? పోలిక చూసి చెప్పకూడదు, మార్పు చూసి చెప్పాలి. ‘శ’ ఉన్నచోట లాటిన్‌లో, గ్రీకులో ‘క’ రావాలి. శతం, కెంటుమ్. దశ, దెకెమ్. శ్రద్ధ, క్రెదో. రెండిటికీ నమ్మకం ఉంచడమనే అర్థం, దాన్నుంచి వచ్చిందే క్రెడిట్. పదం మొదట్లో ‘భ’ ఉంటే లాటిన్‌లో ‘ఫ’. భరించడంలోని భృ ధాతువు లాటిన్‌లో ఫెర్, గ్రీకులో ఫెర్ లేదా ఫోర్. ట్రాన్స్‌ఫర్, మెటఫర్ రెండిటికీ మూలార్థం ఒకటే, అటునుంచి ఇటు మోసుకెళ్లడం. ఒకటి లాటిన్ మోత, ఇంకోటి గ్రీకు మోత. పదం నడుమ ‘భ’ అయితే లాటిన్‌లో ‘బ’ అవుతుంది: నభస్సు, నెబ్యులా. ఇందాకటి భ్యః ‘బుస్’ అయిందే గానీ ‘ఫుస్’ కాలేదు, కారణం ఇదే. సంస్కృతంలో మొదట ‘స’ ఉంటే లాటిన్‌లో ‘స’యే, గ్రీకులో మాత్రం ‘హ’. సర్పం, సర్పెంట్, హెర్పీస్. మూడూ పాకడం నుంచి వచ్చినవే, చర్మం మీద పాకే జబ్బుకి ఆ పేరు అందుకే వచ్చింది.

ఈ మార్పులే అప్పుని, చుట్టరికాన్ని విడదీసి చూపిస్తాయి. శర్కర, గ్రీకు సక్ఖరొన్, మన మధుమేహం వాళ్ల శాకరిన్. పోలిక బ్రహ్మాండంగా ఉంది, కానీ ‘శ’ ఉన్నచోట ‘క’ రావాల్సింది పోయి ‘స’ వచ్చింది. కాబట్టి చుట్టరికం కాదు. సరుకుతో పాటు మాట కూడా ఓడెక్కి వెళ్లింది. షుగర్ కూడా ఆ శర్కరే, పర్షియన్, అరబిక్‌ల మీదుగా తిరిగొచ్చింది. పిప్పలి గ్రీకులో పెపెరి అయి, పెప్పర్ అయింది. షావుకారుపేట దుకాణంలో పిప్పళ్లు ఒక డబ్బాలో, మిరియాలు ఇంకో డబ్బాలో ఉంటాయి. ఇంగ్లీషు మాట మాత్రం మొదటి డబ్బా పేరుని రెండో డబ్బాకి అంటించింది. ఎదురు దారిలో వచ్చినవీ ఉన్నాయి. గ్రీకులో ‘కెంత్రొన్’ అంటే ములుకు, వృత్తం గీసేటప్పుడు కదలకుండా గుచ్చి ఉంచే మొన. జ్యోతిషంతో పాటు అది సంస్కృతంలోకి వచ్చి కేంద్రమైంది, లాటిన్ మీదుగా ఇంగ్లీషులో సెంటర్ అయింది. చెన్నై సెంట్రల్‌లోనూ, కేంద్ర ప్రభుత్వంలోనూ గుచ్చుకుని ఉన్నది ఒకే ములుకు. పంచాంగంలో చూసుకునే గురు హోర, శుక్ర హోరలలోని హోర కూడా గ్రీకుదే, ఇంగ్లీషు అవర్‌కి మూలమైన మాటే.

తప్పటడుగులు పడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆసుపత్రి బోర్డు మీద ‘ఆర్థోపెడిక్స్’ చూసి, పెడ్ అంటే పాదం కదా అనుకుంటారు. పెడెస్ట్రియన్, పెడల్‌లలో నిజంగానే పాదం, లాటిన్ పాదం. ఆర్థోపెడిక్స్‌లోది గ్రీకు ‘పైస్’, అంటే పిల్ల. పిల్లల వంకరలు సరిచేసే విద్యకి 1741లో నికొలా ఆండ్రీ అనే ఫ్రెంచి వైద్యుడు కట్టిన పేరది. ఆర్థోస్ అంటే తిన్నని. పీడియాట్రిక్స్‌లోనూ ఈ పిల్లే. గుర్తుపట్టడం తేలిక. మన దగ్గర నడిచే బ్రిటిష్ స్పెల్లింగులో ‘ఏ’, ‘ఈ’ రెండక్షరాలూ పక్కపక్కన ఉంటే పిల్ల, ఒక్క ‘ఈ’ ఉంటే సాధారణంగా పాదం. అమెరికా స్పెల్లింగులో ఈ తేడా చెరిగిపోయింది, అదొక నష్టమే. ‘హోమో’ కూడా ఇలాంటిదే. హోమిసైడ్‌లో లాటిన్ మనిషి, హోమోజీనియస్‌లో గ్రీకు ‘ఒకేలాంటి’ (మన సమ, ‘స’ గ్రీకులో ‘హ’ అవుతుందని పైన చెప్పుకున్నాం).

ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది. మణలి రిఫైనరీ నుంచి వచ్చే ట్యాంకర్ల మీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని కనిపిస్తే, ‘ఇన్’ ఉంది కాబట్టి అంటుకోదని అనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడి ‘ఇన్’ నిషేధం కాదు, ‘లోనికి’ అనే ఇంకో ఉపసర్గ. మంటలోకి వెళ్లేది, ఇట్టే అంటుకునేది అని అర్థం. ఈ గందరగోళం వల్లే భద్రతా నిపుణులు ముందు ‘ఇన్’ తీసేసి ‘ఫ్లేమబుల్’ అని రాయమంటారు. రెండిటి అర్థం ఒకటే. అంటుకోని దానికి ‘నాన్’ చేర్చాలి.

అందమైన కథలు ఇంకో గొయ్యి. ‘సిన్సియర్’ అంటే మైనం లేనిదనీ, శిల్పులు రాతి పగుళ్లని మైనంతో పూడ్చేవారనీ పదే పదే చెబుతారు. నమ్మకండి. ‘సిన్కేరుస్’ అంటే శుద్ధమైనది, కలగలుపు లేనిది, అంతే. ‘శాలరీ’లో ఉప్పు ఉన్నమాట నిజం, ‘సాల్’ అంటే ఉప్పే. రోమన్ సైనికులకి జీతంగా ఉప్పు మూటలు కొలిచి ఇచ్చేవారనడానికి మాత్రం ఆ కాలపు ఆధారం లేదు. ‘క్యాండిడేట్’ కథ నిజంగా నిజం. రోములో ఓట్లడిగేవాళ్లు తెల్లగా మెరిసే వస్త్రం కట్టుకునేవాళ్లు, ‘కాండిదుస్’ అంటే తెల్లనిది. అందులోని మెరిసే ధాతువే మన చంద్రుడిలోనూ ఉంది. ఎన్నికలొస్తే ఇక్కడ తెల్ల పంచెలు చూస్తున్నాం, ఆ మాట ఇంకా పాతబడలేదు.

‘దేవ’కి, గ్రీకులో దేవుడనే అర్థమున్న ‘థియోస్’ చుట్టమనడం చదువుకున్నవాళ్లు కూడా చేసే పొరపాటు. దేవకి చుట్టం లాటిన్ ‘దెయుస్’. థియోస్ వేరే వంశం. గ్రీకులో మనకి నిజమైన చుట్టం వాళ్ల దేవతల రాజు జ్యూస్, అంటే వేదంలోని ద్యౌః (ఆకాశం). జ్యూపిటర్ అంటే ద్యౌష్పిత.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, తెలుగు మాటల్ని సంస్కృత మాటల నుంచి వేరుచేయడం. అది ఈ ఊళ్లోనే మొదట జరిగింది. 1786లో కలకత్తాలో అక్కడి జడ్జి విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్‌ల చుట్టరికం గురించి చెప్పాడు. ముప్పై ఏళ్లకి, 1816లో, మద్రాసులో క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి ముందు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి ఒక వ్యాసం చేర్చాడు. తెలుగు ధాతువుల్ని సంస్కృత ధాతువుల పక్కన, తమిళ, కన్నడ ధాతువుల పక్కన వరసగా పేర్చి, తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని, తమిళ కన్నడాలకి తోబుట్టువని చూపించాడు. ద్రావిడ భాషల చుట్టరికాన్ని చాటిన కాల్డ్‌వెల్ పుస్తకం రావడానికి అప్పటికి ఇంకా నలభై ఏళ్లుంది. ఎల్లిస్ పనిచేసిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల పేరే ఇప్పటికీ నుంగంబాక్కంలో కాలేజ్ రోడ్డుగా నిలిచింది. ఆ కాలేజ్‌లో రెండు ‘ఎల్’లు ఎందుకున్నాయో ఇప్పుడు మీకే తెలుసు: కొమ్ + లెగ్.

కాబట్టి లాటిన్‌తో పోల్చే ముందు తెలుగు మాట సంస్కృతం నుంచి వచ్చిందా, అచ్చ తెలుగా అన్నది తేల్చుకోవాలి. కన్ను, చెవి, ఇల్లు, ఊరు లాంటివాటికి లాటిన్‌లో చుట్టాలుండరు, వెతకడం వృథా. మద్రాసులోనే 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువు ఇందుకు బాగా పనికొస్తుంది, మాట పక్కనే సంస్కృతమో తెలుగో గుర్తు వేసి ఉంటుంది. తర్వాత ఇంగ్లీషు నిఘంటువులో వ్యుత్పత్తి చూడండి. ఏ భాష మీదుగా, ఏ శతాబ్దంలో వచ్చిందో రెండూ చదవండి. ఆ తర్వాతే శ–క, భ–ఫ, స–హ మార్పులు సరిపోతున్నాయో లేదో చూడాలి. ‘అటక’కీ ‘ఆటిక్’కీ ఈ పరీక్ష పెట్టి చూడండి. రెండూ ఇంటి పైభాగంలో ఉండేవే, శబ్దం దాదాపు ఒకటే, అర్థమూ దాదాపు ఒకటే. అయినా ఆటిక్ అన్నది గ్రీసులో ఏథెన్స్ ఉన్న ఆటికా ప్రాంతం పేరు. ఆ ప్రాంతపు కట్టడాల తీరులో భవనం ముఖభాగం పైన కట్టే అలంకారానికి ఆ పేరు వచ్చింది, దాని వెనకున్న గదికి తర్వాత పాకింది. మన అటకకి దానితో ఏ సంబంధమూ లేదు.